ఎడ్ల డీసీఎంకు బాడీ కట్టించుకుంటున్నారా? డబ్బు ముందు ఎక్కడ పెట్టాలి

బండలాగుడు పోటీలకు ఎడ్లను తిప్పే ఇళ్ళలో ఏదో ఒక ఏడాది ఈ మాట వస్తుంది: "ఎన్నాళ్ళు ఈ కిరాయి బండ్లు, మనదే ఒకటి కట్టించుకుందాం." అంటే డీసీఎం (పికప్ కంటే పెద్దదైన మధ్యరకం లారీ) మీద బాడీ కట్టించడమన్నమాట. వెనక జత నిలబడాలి. ముందు నలుగురు పడుకోవాలి, వండుకోవాలి. గడ్డి, దాణా, నీళ్ళు, కాడి, మోకులు అన్నీ అందులోనే సర్దాలి. మట్టపల్లి వైపు పోటీ చూసుకుని అటు నుంచి అటే గద్వాల వైపు నడిగడ్డకు పోవాలంటే రెండు మూడు రాత్రులు ఆ బండే ఇల్లు.

మాది నల్లగొండ జిల్లా హాలియా దగ్గరి ఊరు. మేమూ కట్టించాం. ఒకసారి కట్టించి, ఆర్నెల్లు తిరగకుండానే సగం ఊడబీకి మళ్ళీ కట్టించాం. మొదటిసారి చేసిన తప్పు ఒక్కటే, మనుషుల గది నుంచి మొదలుపెట్టడం. పరుపు ఎంత వెడల్పు, టీవీ ఏ మూలకు, ఫ్యాన్లు ఎన్ని అని లెక్కలేసుకుని, మిగిలిన జాగా ఎడ్లకు ఇచ్చాం. అందుకే కింద చెప్పే వరస తారుమారు చేయకండి. ముందు బరువు, తర్వాత ఎద్దు కాలి కింద, తర్వాత ఎద్దు తల చుట్టూ, మీ పడక ఆ తర్వాతే.

మమ్మల్ని దారి తప్పించింది ఒక వీడియో. మా మేనల్లుడు డాలస్‌లో ఉంటాడు. అక్కడ గుర్రాల ట్రైలర్లు ఎట్లుంటాయో చూడు మామా అని పంపాడు. పికప్ వెనక తగిలించుకునే పొడవాటి ట్రైలర్. ముందు భాగంలో మంచం, వంటగది, స్నానాల గది. వెనక గుర్రాలు ఏటవాలుగా నిలబడే అరలు. చూస్తే ఎవరికైనా కళ్ళు చెదురుతాయి. కానీ అక్కడ క్యాంపు పెట్టుకునే చోట కరెంటు, నీళ్ళు, డ్రైనేజీ తగిలించుకునే పాయింట్లు ఉంటాయి. మనం దిగేది ఏ జాతర పక్కనో దున్నిన చేనులో. ట్రైలర్ అయితే ఊరి సందులో వెనక్కి తీయడానికే అరగంట పడుతుంది. కాబట్టి ఒకే బాడీ ఉన్న బండి మేలు. ఆ వీడియోలో నుంచి తీసుకోవాల్సినవి రబ్బరు మ్యాట్లు, మెత్త కుట్టిన అడ్డుగోడ, మనిషి బయటపడే చిన్న తలుపు. ఏసీ, కమోడు, సోఫా వదిలేయండి.

ముందు కాటా

ఒంగోలు జాతి పెద్ద ఎద్దు ఆరేడు క్వింటాళ్ళు తూగుతుంది. మా జత పదమూడున్నర. నీళ్ళు 300 లీటర్లు అంటే అవే మూడు క్వింటాళ్ళు. మేత, దాణా రెండు. మనుషులు, వంట సామాను, కాడి, గొలుసులు కలిపి నాలుగైదు. మొత్తం ఇరవై మూడు క్వింటాళ్ళు దాటింది, ఇంకా బాడీ ఇనుము లెక్కలోకి రాలేదు. టన్నున్నర అటూ ఇటూ మోసే పికప్‌లో ఎడ్లు పట్టొచ్చు, ఇదంతా పట్టదు. అందుకే డీసీఎం. ఆ పేరుతో లారీలు చేసిన కంపెనీ 1980ల నాటిది. ఇప్పుడు అది లేదు. మనవైపు మాత్రం ఆ సైజు బండి ఏ కంపెనీదైనా డీసీఎమ్మే.

ఆర్‌సీలో రెండు అంకెలు చూడండి. ఖాళీ బండి బరువు, లోడుతో ఉండాల్సిన గరిష్ఠ బరువు. రెండింటి మధ్య తేడాయే మీకు దొరికేది. బాడీలో పెట్టే ప్రతి యాంగులర్, ప్రతి పైపు అందులో నుంచే పోతుంది.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. బాడీ పని చాలాచోట్ల ఇనుము కిలో లెక్కన కడతారు. కిలో లెక్కన డబ్బు తీసుకునేవాడు ఇనుము తక్కువ ఎందుకు వేస్తాడు? "గట్టిగుంటదన్నా" అంటూ రెండు వేళ్ళ పైపు చాలే చోట మూడు వేళ్ళది పెడతాడు. మాకు అదే జరిగింది. కాబట్టి బేరం పైపు సైజు, గేజు (రేకు మందం) రాసుకుని, మొత్తం పనికి ఒక ధర చొప్పున మాట్లాడుకోండి. పనికి ముందు ఛాసిస్‌ను, పని అయ్యాక బండిని కాటా వేయించండి. మిర్యాలగూడ చుట్టూ రైస్ మిల్లు లేని దారి లేదు, కాటాకు కొదవ లేదు. మేం రెండోసారి విప్పించినప్పుడు అక్కర్లేని ఇనుమే మూడు క్వింటాళ్ళు బయటపడింది. అంటే ఒక ట్రిప్పు నీళ్ళంత బరువు ఊరికే మోసుకు తిరిగాం.

తర్వాత టేపు

2015లో మార్చిన మోటారు వాహనాల నియమాల ప్రకారం ఒక్కో ఆవుకు, గేదెకు కనీసం రెండు చదరపు మీటర్ల జాగా, మధ్యలో శాశ్వతమైన అడ్డుగోడలు ఉండాలి. రెండు చదరపు మీటర్లు అంటే మన లెక్కలో ఇరవై ఒకటిన్నర చదరపు అడుగులు. బండి లోపల వెడల్పు ఆరున్నర అడుగులు ఉంటే ఒక్కో ఎద్దుకు మూడుంబావు. పొడవు ఎనిమిదిన్నర ఇస్తే ఇరవై ఏడు దాటుతుంది. పెద్ద ఎడ్లకు అంత కావాలి.

మరీ ఎక్కువ వెడల్పు ఇస్తే మంచిదనుకోకండి. మలుపులో ఎద్దు ఒరిగితే ఆనుకోవడానికి పక్కన ఏదో ఒకటి ఉండాలి. అటు ఒక జానెడు, ఇటు ఒక జానెడు సందు ఉంటే చాలు. పద్నాలుగు అడుగుల బాడీలో ఎడ్లకు ఎనిమిదిన్నర, వాటి తల ముందు మేత తొట్టికి ఒకటిన్నర పోతే మనుషులకు నాలుగు అడుగులు మిగులుతుంది. అందులో అడ్డంగా ఒక మంచం, కింద సామాను. పదిహేడు అడుగులదైతే ఏడు అడుగులు. నలుగురు పడుకోవాలంటే పదిహేడు తీసుకోండి. పంతొమ్మిది మాత్రం వద్దు, మన జాతర దారుల్లో తిప్పలేరు.

ఎడ్ల మొహం ఇంజను వైపే ఉండేలా గీయించండి. పశువులు బెదరకుండా, దెబ్బ తగలకుండా అట్లా నిలబెట్టడమే మంచిదని 1978 నాటి పశు రవాణా నియమాల్లోనే ఉంది.

కాలి కింద

ఎక్కువ డబ్బు ఇక్కడే పెట్టండి.

సొంత బండి లేనప్పుడు ఒకసారి కిరాయి బండిలో నకిరేకల్ నుంచి వస్తున్నాం. కింద ఇనుప చెక్కర్ ప్లేటు, దాని మీద నాలుగు పిడికిళ్ళ వరిగడ్డి. చెక్కర్ ప్లేటుకు గీతలుంటాయి కదా జారదు అనుకుంటాం. మనిషి చెప్పుకు జారదు. ఉచ్చ, పేడ కలిసి ఆ గీతల మధ్య నిండాక గిట్టకు అది సబ్బు పూసిన బండరాయే. ఎవరో బైకు అడ్డం తిప్పితే డ్రైవర్ బ్రేకు వేశాడు. మా జతలో చిన్నెద్దు, చిన్నోడి ముందరి కాళ్ళు రెండూ వెనక్కి జారాయి. మోకాళ్ళ మీద పడ్డాడు. లేవడానికి చూస్తే పట్టు లేదు, మళ్ళీ జారాడు. బండి ఆపి డాలా (వెనక తలుపు) తీసేసరికి మోకాలి మీద చర్మం అర్ధరూపాయి బిళ్ళంత లేచి, తెల్లటి కండ కనబడుతోంది. కన్ను పెద్దది చేసుకుని వణుకుతున్నాడు. ఆ పోటీ పోయింది. ఆ తర్వాత నెల రోజులు బండి కనబడితే చాలు పలుపు తెంచుకునేంత పని చేశాడు.

ఫ్లోరుకు రెండు దారులున్నాయి. మొదటిది, ఒకటిన్నర అంగుళాల మందం గట్టి చెక్క పలకలు, పలకకు పలకకు మధ్య నీరు కారేంత సన్నటి సందుతో. రెండోది, ప్లేటు మీద డెయిరీల్లో ఆవుల కింద పరిచే రబ్బరు మ్యాట్లు, పదిహేను నుంచి ఇరవై మిల్లీమీటర్ల మందం. నా ఓటు రెండోదానికి. రెండు షరతులు. మ్యాట్లు ఒకదానిలో ఒకటి లాకయ్యేవి కావాలి, లేకపోతే ఎద్దు తిరిగినప్పుడు మ్యాటే జారుతుంది. ఇద్దరు మనుషులు ఎత్తి బయట వేయగలిగేలా ముక్కలుగా ఉండాలి. ఎందుకంటే మ్యాట్ కింద నిలిచే ఉచ్చ ప్లేటును తినేస్తుంది. పైకి నున్నగానే ఉంటుంది, ఒకరోజు గిట్ట కిందికి దిగబడుతుంది. ట్రిప్పు ట్రిప్పుకు ఎత్తి కడగాలి. ఫ్లోరు వెనక వైపుకు ఒక అంగుళం వాలు పెట్టించి, రెండు మూలల్లో నీరు పోయే గొట్టాలు పెట్టించండి. పాత బండి కొంటున్నట్టయితే పాకుతూ కిందికి వెళ్ళి సుత్తితో తట్టి చూడండి. టంగున మోగితే ఇనుము, మొద్దుగా మోగితే తుప్పు.

మ్యాట్ మీద గడ్డి కూడా పరవండి. అది మెత్తదనానికి, తడి పీల్చడానికి. జారకుండా ఆపేది మాత్రం మ్యాటే.

ఎక్కడం, దిగడం

మన దగ్గర ఎడ్లను ఎక్కించే పద్ధతి అందరికీ తెలిసిందే. ఏ కాలువ గట్టుకో బండి వెనక ఆనించి, డాలా దించి తోలడమే. ఇంటి దగ్గర గట్టు ఉంటుంది. దిగే చోట ఉంటుందన్న నమ్మకం లేదు. అప్పుడు నలుగురు తోసి, ఇద్దరు లాగి, ఎద్దు దూకి... కాళ్ళు విరిగేది ప్రయాణంలో కంటే ఈ దూకుడులోనే ఎక్కువ.

ర్యాంపు బండితోపాటే ఉండాలి. ఫ్లోరు ఎత్తు నేల నుంచి మూడున్నర అడుగులు ఉంటే ర్యాంపు పది అడుగులు ఉండాలి. అప్పుడు వాలు ఇరవై డిగ్రీల దగ్గర ఉంటుంది. బాడీవాళ్ళు ఆరు అడుగులు చాలంటారు. ఆరు అడుగులకు అది వాలు కాదు, నిచ్చెన. పది అడుగులది ఒకే ముక్కగా లేవదు కాబట్టి మధ్యలో మడిచేది చేయించి, ఎత్తడానికి పక్కన స్ప్రింగులు పెట్టించండి. ఒక్కడు ఎత్తి మూయగలగాలి. ముగ్గురు కావాలంటే ఏదో ఒక రాత్రి ఆ ముగ్గురు ఉండరు.

ర్యాంపు మీద జానెడు దూరానికొక చెక్క పట్టీ అడ్డంగా కొట్టించండి, గిట్ట ఆనడానికి. పైన కొబ్బరి పీచు మ్యాట్ లేదా రబ్బరు. ఒట్టి రేకు ర్యాంపు మీద మొదటి అడుగు పడగానే ధన్‌మని మోగుతుంది. ఎద్దు అక్కడే ఆగిపోతుంది, దాని తప్పు లేదు. రెండు పక్కలా నడుమెత్తు కటకటాలు ఉండాలి.

ఇంకొకటి. చీకట్లో ఎక్కించేటప్పుడు బండి లోపల లైటు వేయండి, బయట ఫోకస్ లైటు ఎద్దు కళ్ళలో కొట్టకండి. పశువు చీకటి గుయ్యారంలోకి అడుగు పెట్టదు, వెలుతురులోకి పెడుతుంది. మేం అరగంట అరిచి, తోక మెలేసి ఎక్కించిన ఎద్దే, లోపల చిన్న బల్బు పెట్టిన రోజు నుంచి దానంతట అదే ఎక్కుతోంది.

పక్క గోడలు, మధ్య అడ్డు

మధ్య అడ్డు ఎద్దు పొట్ట ఎత్తు నుంచి భుజం దాకా ఉంటే చాలు. కింద ఖాళీ వదలండి, మలుపులో కాలు వెడల్పు చేసి నిలదొక్కుకోవాలంటే జాగా కావాలి. పైపుకు పాత టైరు ట్యూబో, మెత్త రెక్సినో చుట్టించండి. ఈ అడ్డు ఒక చివర బందు మీద తిరగాలి, ఇంకో చివర పిన్నుతో ఉండాలి. నట్టు బోల్టు వద్దు. ఎద్దు పడితే పానా కోసం వెతికే టైం ఉండదు. పిన్ను బయట నుంచి కూడా లాగగలిగేలా పెట్టించండి.

ఎద్దు తల దగ్గర, పక్క గోడకు, మనిషి దూరేంత చిన్న తలుపు తప్పకుండా ఉండాలి. ఆరేడు క్వింటాళ్ళ పశువుకు, గోడకు మధ్య ఇరుక్కున్నవాడికి వెనక డాలా ఒక్కటే దారి అయితే అది దారి కాదు.

వెల్డింగ్ పని అయ్యాక ఒక పాత చీర తీసుకుని లోపలి గోడలన్నీ, కింద నుంచి కొమ్ముల ఎత్తు దాకా తుడవండి. ఎక్కడ దారం చిక్కితే అక్కడ సుద్దతో గుర్తు పెట్టి గ్రైండర్ పెట్టించండి. మా బండిలో చీర పదకొండు చోట్ల చిక్కింది. వాటిలో ఒకటి బోల్టు కొస, సరిగ్గా పెద్దోడి కంటి ఎత్తులో.

కట్టే రింగులు మెడ ఎత్తుకు కొంచెం కిందుగా ఉండాలి. ముక్కుతాడును రింగుకు కట్టకండి. బ్రేకు పడితే ముక్కు చీరుతుంది. మెడ పలుపు కట్టి, ముక్కుతాడు కొమ్ములకు వదులుగా చుట్టేయండి. ముడి ఒక్క గుంజుకు ఊడేది వేయండి.

పెళ్ళి గుర్రాలు నడిపేవాళ్ళు పాలమూరు వైపు ఉన్నారు, వాళ్ళు కూడా ఇట్లాంటి బండే అడుగుతున్నారు. గుర్రానికి లెక్క కాస్త వేరు. అదే నియమం గుర్రానికి రెండుంబావు చదరపు మీటర్లు అడుగుతుంది. తల ఎత్తుకుని ఉండే జీవి కాబట్టి లోపలి ఎత్తు ఏడు అడుగులకు తగ్గకూడదు, ఛాతీకి అడ్డంగా మెత్త కుట్టిన కడ్డీ కావాలి. తల పైకి బిగించి కట్టేస్తే దూర ప్రయాణంలో ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. మధ్య మధ్య ఆపి తల దించుకోనివ్వాలి. ముక్కులో చేరిన దుమ్ము, చీమిడి దిగేది అప్పుడే.

గాలి, ఎండ

నల్లగొండ ఎండ గురించి నల్లగొండవాళ్ళకు చెప్పేదేముంది. మే నెలలో బయట నలభై నాలుగు ఉంటే రేకు టాపు కింద ఎంతుంటుందో మీరే ఒక మధ్యాహ్నం లోపల కూర్చుని చూడండి.

గోడలు ఎద్దు వెన్ను ఎత్తు దాకా మూసి, ఆ పైన అడుగున్నర ఎత్తున చుట్టూ ఖాళీ వదిలి కడ్డీలు పెట్టించండి. ఆ ఖాళీకి బయట నుంచి పైకి చుట్టే పట్టా కట్టండి, వానకు, చలికి దించడానికి. ముందు వైపు నుంచి గాలి సూటిగా కంట్లోకి కొట్టకూడదు. గడ్డి నలుసులు, దుమ్ము కళ్ళలో పడితే దిగేసరికి నీళ్ళు కారుతుంటాయి. టాపు రేకు మీద నాలుగు వేళ్ళ ఎత్తులో ఇంకో పట్టా బిగించి కట్టండి, మధ్యలో గాలి ఆడాలి. మేం చేసిన పనుల్లో అన్నిటికంటే చవకది, అన్నిటికంటే పనికొచ్చింది ఇదే. సైలెన్సర్ గొట్టం మూతి ఎటుందో చూసుకోండి. వెనక డాలా కిందికే వదిలితే పొగ లోపలికి లాగుతుంది, పక్కకు తిప్పించండి.

గాలి సరిపోతుందో లేదో తెలియాలంటే గంట ప్రయాణం తర్వాత ఎద్దు మొహం పక్కన మీ మొహం పెట్టండి. ఉచ్చ ఘాటుకు మీ కళ్ళు మండితే, ప్రయాణమంతా దాని కళ్ళు మండాయి.

టాపు ఎత్తు కూడా అడ్డగోలుగా పెంచకండి. ఊళ్ళలో కరెంటు తీగలు ఎంత కిందికి వేలాడతాయో తెలుసు కదా.

ఇప్పుడు మీ గది

ఎడ్లకు, మీకు మధ్య నిండు గోడ, దానికి జాలీ వేసిన చిన్న కిటికీ. రాత్రి పడుకున్న చోటు నుంచే టార్చి వేసి చూడగలగాలి. మా చిన్నాయన ఇప్పటికీ ఎడ్ల గొంతుల గంటలు వింటూ పడుకుంటాడు. నెమరు వేస్తుంటే గంట ఒక తీరుగా మోగుతుందట, ఆగితే మెలకువ వస్తుందట.

మంచాలు మడిచేవి చాలు. రెండు గోడకు, ఒకటి కేబిన్ పైన అటక మీద. అటక మీద బరువు సామాను ఎక్కించకండి, బండి ఊగుతుంది. మంచి పరుపు ఎవరికి ఇవ్వాలంటే డ్రైవర్‌కు. నేను దేనిలో పొదుపు చేసినా అందులో చేయను. రాత్రంతా నడిపేవాడు పగలు పడుకోకపోతే పైన చెప్పిన మ్యాట్లూ ర్యాంపూ ఎందుకూ పనికిరావు.

ఈ గది బండి ఆగినప్పుడు వాడుకోవడానికే. నడుస్తుండగా అందులో ఎవరూ ఉండకూడదు. ఆర్‌సీలో రాసిన సీట్లు కేబిన్‌లోవే, ఎడ్లను చూసుకునే మనిషి కూడా అక్కడే కూర్చోవాలి. వెనక ఎక్కినవాడికి ఏమన్నా అయితే ఇన్సూరెన్సు దగ్గర నోరు తెరవలేం. మిగతావాళ్ళు కారులోనో బైకు మీదనో రావాలి.

వంట లోపల వద్దు. పక్క గోడకు చుట్టుకునే పట్టా పెట్టించి, రెండు పైపులు పాతితే పందిరి. దాని కింద ఐదు కిలోల సిలిండర్, ఒక స్టౌ. సిలిండర్‌కు బయట వైపు ఒక పెట్టె కట్టించి, దాని అడుగున చిల్లులు పెట్టించండి. గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే కిందికి దిగి నిలుస్తుంది. గడ్డి ఈ చివర, నిప్పు ఆ చివర. కార్తీకంలో వచ్చే కురుమూర్తి జాతర రోజుల్లో తెల్లారుజామున చలి పెడుతుంది, అయినా నిప్పుల కుంపటి లోపల పెట్టుకుని తలుపు మూసి పడుకోవద్దు. దాని పొగ వాసన లేకుండానే ప్రాణం తీస్తుంది. మంటలార్పే సిలిండర్ ఒకటి తలుపు పక్కన, చీకట్లో కూడా చేతికి అందేలా ఉంచండి.

బాత్రూం అనవసరం. ఆడవాళ్ళు వస్తే మడిచే గుడారం, రెండు బకెట్లు చాలు.

నీళ్ళు, కరెంటు

ఎండాకాలంలో పెద్ద ఎద్దు రోజుకు యాభై లీటర్లు దాటి తాగుతుంది. కొత్త ఊరి నీళ్ళు కొన్ని ఎడ్లు మూతి పెట్టి వదిలేస్తాయి. అందుకే మొదటి రోజుకు సరిపడా ఇంటి నీళ్ళే మోయండి. తర్వాత అక్కడి నీళ్ళు కొంచెం కొంచెం కలుపుతూ అలవాటు చేయొచ్చు. 300 లీటర్ల ట్యాంకు ఒకటి కాకుండా వందవి మూడు పెట్టండి. సగం నిండిన పెద్ద ట్యాంకులో నీళ్ళు బ్రేకుకు ఒక్కసారే ముందుకు కొట్టి బండిని లాగుతాయి. ఫ్లోరు కింద, ఇరుసుకు దగ్గరగా పెట్టించండి.

కరెంటు లెక్క తేలిక. 12 వోల్టుల 100 ఏహెచ్ బ్యాటరీలో 1200 వాట్ అవర్లు ఉంటాయి, అందులో సగమే వాడుకోవాలి. రెండు చిన్న ఫ్యాన్లు, లైట్లు కలిపి 50 వాట్లు పది గంటలు నడిస్తే 500. సరిపోయింది. టాపు మీద ఒక సోలార్ ప్లేటు పెడితే మర్నాటికి చాలావరకు నిండుతుంది. ఈ బ్యాటరీని ఇంజను బ్యాటరీతో కలపొద్దు, పొద్దున సెల్ఫ్ కొట్టదు. టీవీ మేం తీసేశాం. దాని బదులు రివర్స్ కెమెరా ఒకటి ఎడ్ల వైపు తిప్పి, స్క్రీను డ్రైవర్ ముందు పెట్టాం. బ్రేకు వేస్తే వెనక ఏం జరుగుతుందో తెలుస్తుంది, ఎద్దు కాలు మార్చుకుంటే కూడా కనబడుతుంది.

కాగితాలు

కొత్త ఛాసిస్ అయితే రిజిస్ట్రేషన్‌కు ముందే బాడీ పూర్తి చేయించండి. పాత బండి అయితే ఆర్టీవో అనుమతి తీసుకుని, మార్పులు ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. పశువులను మోసే బండిగా ప్రత్యేక లైసెన్సు సంగతి కూడా అక్కడే అడగండి. ప్రతి ట్రిప్పుకు పశువుల డాక్టర్ దగ్గర ప్రయాణానికి పనికొస్తుందన్న సర్టిఫికెట్ తీసుకోండి. చెవి పోగు మీది పన్నెండు అంకెల నంబరు అందులో రాయించండి. గాలికుంటు టీకా వేయించిన కాగితం, ఎడ్లు మీవేనని చూపే కాగితం కూడా ఒకే కవర్లో పెట్టి కేబిన్‌లో ఉంచండి. చెక్‌పోస్టు దగ్గర ఎడ్ల బండిని ఆపుతారు, ఆపినప్పుడు వాదన కంటే కవర్ తొందరగా పని చేస్తుంది. వాడపల్లి దాటినా, అలంపూర్ చౌరస్తా మీదుగా పుల్లూరు దాటినా అది వేరే రాష్ట్రం, పర్మిట్ ముందే చూసుకోండి. వచ్చేటప్పుడు ఖాళీ ఉంది కదా అని ఎవరి బస్తాలూ వేసుకోకండి, ఎడ్లతో పాటు సరుకు వేయడం నియమానికి విరుద్ధం.

తిరిగొచ్చాక పది లీటర్ల నీళ్ళలో 400 గ్రాముల బట్టల సోడా కలిపి ఫ్లోరు, ర్యాంపు, చక్రాలు కడగండి. గాలికుంటు మన కొట్టంలోకి ఈ బురదతో కూడా రావచ్చు.

పోటీకి ముందు

మొదటి ట్రయల్ మీ మీదే చేసుకోండి. సొంత చేను బాటలో, మెల్లగా, ఎద్దు నిలబడే చోట మీరు నిలబడి, ఏమీ పట్టుకోకుండా. డ్రైవర్‌ను మామూలుగా బ్రేకు వేయమనండి, మామూలుగా తిప్పమనండి. ఎక్కడ తూలుతున్నారో, ఎక్కడ మోచేయి తగులుతోందో రాసుకోండి. డ్రైవర్‌ను కూడా ఒకసారి అట్లా నిలబెట్టండి. మా డ్రైవర్ దిగాక ఏమీ అనలేదు కానీ ఆ రోజు నుంచి స్పీడ్ బ్రేకర్ దగ్గర గేరు మార్చే తీరే మారింది.

తర్వాత వారం రోజులు బండిని కొట్టం ముందే పెట్టి, ర్యాంపు దించి, లోపలి తొట్టిలోనే దాణా పోయండి. తోలకండి, లాగకండి. ఉలవల వాసనకు పెద్దోడు మొదటి రోజే ఎక్కాడు. మోకాలి దెబ్బ తిన్న చిన్నోడు మూడు రోజులు ర్యాంపు దగ్గరికొచ్చి, వాసన చూసి, వెనక్కి తిరిగాడు. నాలుగో రోజు పొద్దున మేం అరుగు మీద చాయ్ తాగుతున్నాం. ముందరి కాలు పెట్టాడు, తీశాడు. మళ్ళీ పెట్టాడు. పట్టీ మీద గిట్ట ఆనిందో లేదో చూసుకున్నట్టు కాసేపు అట్లాగే నిలబడి, టకటకా ఎక్కిపోయి పెద్దోడి తొట్టిలో మూతి పెట్టాడు. చిన్నాయన గ్లాసు కింద పెట్టి, "ఇగ డేటు చెప్పుండ్రి" అన్నాడు.